బొమ్మకు నడక నేర్పు విద్య

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి హైదరాబాదు నగరమునకు వచ్చు బస్సులు పెక్కు ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోవును. చదువుకై నగరము చేరు గ్రామ యువకులలో అనేకులు మొదట దిగునది ఇచ్చటనే. సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల గల ఈ పేటలు ఒకప్పుడు పల్లెలు. నేడవి వసతి గృహములతోను, శిక్షణ కేంద్రములతోను నిండియున్నవి. ఉద్యోగ పరీక్షలకును, కంప్యూటరు విద్యకును తోడుగా ‘యానిమేషన్’, ‘గేమింగ్’ అను మాటలు గూడ ఇచ్చటి బోర్డులమీద కనిపించును.

“మావాడు వీడియో గేములకు బొమ్మలు చేయు కోర్సులో చేరెదనని పట్టుబట్టుచున్నాడు. ఫీజునకు అప్పు చేయవలెను. ఇది చదువా, ఆటా?” అని తల్లిదండ్రులు పంచాయతీ సభ్యులను అడుగు సందర్భములు కలుగవచ్చును. సరియైన సమాధానము చెప్పవలెనన్న ఆ పని ఎట్టిదో ముందుగా తెలిసియుండవలెను. వీడియో గేములోని జంతువులు ఎట్లు రూపొందును, ఎట్లు కదలును, ఒకే గేము వరుసగా వెలువడుచున్న కొలది వాటి రూపమును నడకయు ఎట్లు మారును అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మనకు తెలిసిన విద్యయే

పేరు క్రొత్తదైనను విద్య క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటను చూచినవారికి దీని మూలసూత్రము తెలిసియే యున్నది. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గ్రామమున నేటికిని కళాకారులు తోలుబొమ్మలు చేయుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తోలును పలుచగా చేసి, రంగులద్ది, తల, భుజము, మోచేయి వేర్వేరు ముక్కలుగా కత్తిరించి, ముడులతో కలుపుదురు. ఆ ముడులున్నచోటనే బొమ్మ వంగును. ముడి ఎచ్చట వేయవలెనో తెలియనివాని బొమ్మ ఎంత అందముగా నున్నను తెరమీద కొయ్యవలె నిలిచిపోవును.

కంప్యూటరు తెరమీది జంతువునకును ఇదే న్యాయము వర్తించును. రూపము గీయుట ఒక పని. కీళ్లు అమర్చుట రెండవ పని. కదలిక నిచ్చుట మూడవ పని. ఈ మూడును ఎట్లు పెరిగి వచ్చినవో తెలియుటకు జపాను దేశపు ‘పోకెమాన్’ గేముల వరుస మంచి ఉదాహరణము. ఈ పేరు టెలివిజను మూలమున మన గ్రామములలోని బాలబాలికలు పెక్కురకు పరిచితమే.

పురుగులు పట్టిన బాలుడు

ఈ గేమును కల్పించిన సతోషి తాజిరి టోక్యో శివార్లలోని మచిడా అను ఊర పెరిగెను. ఆ రోజులలో అచ్చట పొలములు, నీటి గుంటలు ఉండెడివి. బాలుడగు తాజిరికి పురుగులను పట్టి, వాటి రీతులను గమనించుట మిక్కిలి ఇష్టము. కొంతకాలమునకు నగరము పెరిగి గుంటలు పూడిపోయెను, పొలములు ఇండ్లయ్యెను. పురుగులను వెదకి పట్టుకొను ఆ సంతోషము తరువాతి పిల్లలకు గూడ దక్కవలెనను కోరికయే ఈ గేమునకు బీజమైనది. సరూర్‌నగర్ ప్రాంతపు పెద్దలకు ఈ మార్పు వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. అయితే మచిడా బాలుడు చూచినది వృథా కాలేదు. చిన్ననాట కంటితో చూచినదే పెద్దవాడైన తరువాత అతనికి పెట్టుబడి యయ్యెను.

నిలిచిన బొమ్మనుండి కదలు ప్రాణివరకు

మొదటి గేములు 1996 ఫిబ్రవరి 27న జపానులో వెలువడెను. ‘గేమ్ బాయ్’ అను చేతిలో పట్టు యంత్రముమీద వాటిని ఆడెడివారు. దాని తెర అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు మాత్రమే. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే గలవు. ఆ ఇరుకులో 151 రకముల జంతువులను చూపవలసి వచ్చెను. ఒక్కొక్క జంతువునకు దొరకిన స్థలము 56 చుక్కల పొడవు, 56 చుక్కల వెడల్పునకు మించదు. ముగ్గు వేయు స్త్రీలు చుక్కల లెక్కలో నెమలిని దింపినట్లే చిత్రకారులు ఆ జంతువులను దింపిరి. ఆ బొమ్మలు కదలవు. పోరాటములో దెబ్బ తగిలినపుడు బొమ్మ మినుకు మినుకుమని మెరయును, అంతియే. తక్కినది ఆడువాని ఊహకే వదలిరి.

2000 సంవత్సరపు చివర వచ్చిన ‘క్రిస్టల్’ గేములో జంతువు తెరమీదికి వచ్చునపుడు ఒక్క క్షణము కదలి నిలుచును. 2002లో యంత్రము మారినది, రంగులు పెరిగినవి, కాని ఆ కొద్దిపాటి కదలిక మరల పోయినది. యంత్రము మెరుగైనంత మాత్రాన పని అంతయు మెరుగు కాదనుటకు ఇది నిదర్శనము. 2004లో ‘ఎమరాల్డ్’ అను గేములో కదలిక తిరిగి వచ్చినది.

2006లో ఒక చిన్న మార్పు జరిగినది. చిన్నదైనను గమనింపదగినది. కొన్ని జంతువులలో ఆడ, మగ భేదము రూపములోనే చూపబడెను. ‘పికాచూ’ అను పసుపుపచ్చని జంతువు ఆడదైనచో తోక కొనయందు హృదయాకారపు నొక్కు ఉండును. పెట్టకును పుంజునకును భేదము మన పసిపిల్లలు దూరమునుండియే చెప్పగలరు. గేము చిత్రకారులు ఆ మెట్టు చేరుటకు పదియేండ్లు పట్టినది.

2010లోని ‘బ్లాక్’, ‘వైట్’ గేములలో పోరాటము జరుగునంతసేపును జంతువులు కదలుచుండును. ఇందుకు అవలంబించిన పద్ధతి మన తోలుబొమ్మల పద్ధతికి మిక్కిలి దగ్గర. తల, రెక్క, తోక వేర్వేరు ముక్కలుగా చేసి, వాటిని త్రిప్పుచు, జరుపుచు ప్రాణమున్నట్లు చూపిరి.

2013 అక్టోబరులో వెలువడిన ‘ఎక్స్’, ‘వై’ గేములతో అసలైన మలుపు వచ్చినది. అంతవరకు జంతువు ముందువైపు ఒక బొమ్మ, వెనుకవైపు ఒక బొమ్మ గీసెడివారు. ఇప్పుడు మట్టి విగ్రహమువలె అన్ని వైపులు గల ఒకే శరీరమును కంప్యూటరులో నిర్మించిరి. దానిని ఏ దిక్కునుండియైనను చూడవచ్చును. 2022 నవంబరునాటి గేములలో లోహపు మెరుపు, పొలుసుల గరుకుదనము, బొచ్చు మెత్తదనము గూడ కనబడసాగెను. రూపములును మారుచు వచ్చినవి. మొదట పికాచూ మెడ తెలియనంత బొద్దుగా నుండెను. పోను పోను నడుము సన్నగిల్లి, మెడ తేలినది.

ఎముకలు, చర్మము, నడక

నేటి పద్ధతిని సంగ్రహముగా చెప్పుదుము. ముందు జంతువు శరీరమును కంప్యూటరులో మలచుదురు. లోపల కంటికి కనబడని ఎముకల గూడు అమర్చుదురు. ఏ ఎముక కదలినపుడు చర్మములో ఏ భాగము ఎంత లాగబడవలెనో నిర్ణయింతురు. పిదప ముఖ్యమైన భంగిమలను కుదుర్తురు. భంగిమకును భంగిమకును నడుమ కదలికను కంప్యూటరు పూరించును, దానిని మరల మనుష్యుడే దిద్దును. సినిమాలో సెకనునకు 24 చిత్రములు చూపుట ఆచారము. గేములలో సాధారణముగా 30 లేక 60 చూపుదురు.

సినిమాకును గేమునకును మరియొక భేదము గలదు. సినిమాలోని పులి ఎప్పుడు దూకవలెనో దర్శకుడు ముందే నిర్ణయించును. గేములో బొత్తాము నొక్కిన క్షణముననే జంతువు స్పందింపవలెను. నడచుచున్నది హఠాత్తుగా పరుగెత్తవలసి రావచ్చును, పరుగెత్తుచున్నది ఆగవలసి రావచ్చును. కావున ప్రతి కదలికయు తక్కిన కదలికలతో అతుకు తెలియకుండ కలియవలెను.

ఈ పనిలో అసలు కష్టము యంత్రమును నడుపుటలో లేదు, జంతువును ఎరుగుటలో గలదు. ఆవు నడచునపుడు ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు అను వరుసలో అడుగులు వేయును. పండుకొన్న ఆవు లేచునపుడు ముందు వెనుక భాగమును ఎత్తును. గుఱ్ఱమైనచో ముందు కాళ్లు చాచి లేచును. ఈ భేదము తెలియనివాడు గీసిన ఆవు గుఱ్ఱమువలె లేచును, చూచువారికి కారణము తెలియకున్నను ఏదో తప్పని తోచును. 1878లో మైబ్రిడ్జి అను ఛాయాగ్రాహకుడు అమెరికాలో పరుగెత్తు గుఱ్ఱమునకు వరుసగా ఛాయాచిత్రములు తీయువరకు, దాని నాలుగు కాళ్లును ఒకేసారి నేలను వీడునా లేదా అనునది తేలనే లేదు. చూచుట అంత సులభమైన పని కాదు.

సంఖ్య పెరిగిన కొలది భారము

వివరము పెరిగిన కొలది పనియు పెరుగును. ఒక్కొక్క జంతువునకు పది కదలికలే అనుకొన్నను, 151 జంతువులకు 1,510 కదలికలు కావలెను. 800 జంతువులకు 8,000 కావలెను. 2019లో ‘స్వోర్డ్’, ‘షీల్డ్’ గేములు వెలువడుటకు ముందు, పాత జంతువులన్నిటిని ఇందులో చేర్చజాలమని నిర్మాతలు ప్రకటించిరి. కదలికలలో నాణ్యత, పోరాటములో సమతూకము కాపాడుటకే ఇట్లు చేసితిమని వారు చెప్పిరి. ఎన్నో ఏండ్లుగా తమతో నున్న జంతువులు లేకపోవుటచే ఆడువారు నిరసన తెలిపిరి. ఒక్క బడ్జెటుతో ఊరిలోని వీధులన్నిటికి దీపములు వేయవలసిన పంచాయతీవారికి ఈ చిక్కు సులభముగా బోధపడును.

హైదరాబాదు ఈగ

ఈ విద్యలో తెలుగువారి కృషియు కొనియాడదగినది. 2012 జూలైలో విడుదలయిన శ్రీ ఎస్.ఎస్. రాజమౌళిగారి ‘ఈగ’ చిత్రములో కథానాయకుడే ఒక ఈగ. దానిని హైదరాబాదులోని మకుట సంస్థ రూపొందించినది. ఈగకు మాట లేదు, ముఖములో అధిక భాగము కన్నులే. మరి కోపము, దుఃఖము, పట్టుదల ఎట్లు చూపవలెను? 1986లో అమెరికాలోని పిక్సార్ సంస్థ ఒక మేజా దీపమును కథాపాత్రగా చేసి తీసిన చిన్న చిత్రము వారికి దారి చూపినది. ఆ దీపమునకు ముఖమే లేదు, వంగుటలోను, ఎగురుటలోనుమాత్రమే దాని మనస్సు తెలియును. మన ఈగయు కాళ్లు, రెక్కలు, దేహపు వాలుతోనే మాటాడినది. నిజమైన ఈగలను దగ్గరగా ఛాయాచిత్రములు తీసి, పరిశీలించి, ఆ రూపమును కుదిర్చిరి. ఆ సంవత్సరపు చిత్రములకిచ్చు జాతీయ పురస్కారములలో ‘ఈగ’కు ఉత్తమ ప్రత్యేక ప్రభావముల పురస్కారము లభించినది.

అప్పు చేయుటకు ముందు

తెలంగాణ ప్రభుత్వము యానిమేషన్, గేమింగు పరిశ్రమల ప్రోత్సాహమునకై 2016లో ప్రత్యేక విధానమును ప్రకటించినది. ఈ రంగములో ఉపాధి గలదు. కాని దీనిలో ఒడిదుడుకులు గూడ గలవని దాచుట తగదు. హైదరాబాదులోను శాఖను నడపిన రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థ ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రములోని పులిని సృష్టించి 2013 ఫిబ్రవరిలో ఆస్కారు పురస్కారము పొందినది. అదే నెలలో ఆ సంస్థ దివాలాకై న్యాయస్థానము నాశ్రయించినది. గొప్ప పనితనము ఒక్కటే స్థిరమైన జీతమునకు హామీ కాదు.

కావున తల్లిదండ్రులు సలహా అడిగినపుడు సభ్యులు ఈ క్రింది విషయములు వారికి చెప్పవలెనని కోరుచున్నాము.

మొదటిది. గేములు ఆడుటలో ఆసక్తి వేరు, బొమ్మ చేయుటలో ఆసక్తి వేరు. ఆవు పండుకొని లేచు తీరును నాలుగైదు బొమ్మలలో గీయుమని పిల్లవానిని, పిల్లను అడుగుడు. గీతలు వంకరగా నున్నను ఫరవాలేదు. దొడ్డికి పోయి చూచి వచ్చి మరల గీయువారికి ఈ విద్య అబ్బును.

రెండవది. అప్పునకు ముందు అభ్యాసము చేయవలెను. ‘బ్లెండర్’ అను కంప్యూటరు సాధనము ఉచితముగా దొరకును. బొమ్మను మలచుట, ఎముకలు అమర్చుట, కదల్చుట అన్నియు దానిలో చేయవచ్చును. కంప్యూటరు అందుబాటులో నున్నచో ఆరు నెలలు దీనిపై సాధన చేసి, ఆసక్తి నిలిచిన పిదపనే ఫీజు సంగతి ఆలోచింపవలెను.

మూడవది. శిక్షణ కేంద్రమునకు పోయినపుడు భవనమును గాక విద్యార్థులు చేసిన పనిని చూపుమని అడుగవలెను. చిత్రలేఖనము నేర్పుదురా, లేక సాధనములను నొక్కుట మాత్రమే నేర్పుదురా అని విచారింపవలెను. మొత్తము ఫీజు, మధ్యలో మానినచో తిరిగి వచ్చు సొమ్ము, యోగ్యతా పత్రమునకు గల గుర్తింపు వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. ఉద్యోగము ఖాయమని నోటిమాటగా చెప్పువారిని నమ్మి భూమి తాకట్టు పెట్టరాదు.

నాల్గవది. ఇంటర్మీడియటు తరువాత హైదరాబాదు, మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయములో యానిమేషనులో లలితకళల పట్టభద్ర విద్య గలదు. ప్రవేశ పరీక్షలో చిత్రలేఖన సామర్థ్యమును పరీక్షింతురు. ఆసక్తిగల విద్యార్థులకు ఈ మార్గమును గూడ తెలుపవలెను.

పంచాయతీ తన వంతుగా చేయగల పని స్వల్పమే, కాని ప్రయోజనము కలది. పాఠశాలలో చిత్రలేఖన పోటీలు జరిపి, ఊరిలోని పశుపక్ష్యాదులను చూచి గీసిన బొమ్మలకు బహుమతు లీయవచ్చును. సమీపమున తోలుబొమ్మల కళాకారులున్నచో పాఠశాలకు పిలిపించి, ముడి ఎచ్చట వేయుదురో పిల్లలకు చూపింపవచ్చును. యంత్రములు నగరమున దొరకును, నాలుగైదేండ్లకొకసారి మారిపోవును. ఆవు లేచు తీరు, కొంగ వ్రాలు తీరు, కుక్క ఒళ్లు విరుచుకొను తీరు మారవు. వాటిని ప్రతి దినము ఉచితముగా చూడగల అవకాశము మన గ్రామముల పిల్లలకు గలదు. చూచినదానిని గీయు అలవాటు గూడ వారికి కలిగించినచో, ఎల్.బి.నగర్‌లో బస్సు దిగునాటికి వారి చదువులో సగము పూర్తియైనట్లే.