వనభోజనాలకు ఏం తీసుకెళదాం?

పిల్లలూ! కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాల సందడే సందడి. హైదరాబాదు నుంచి ఎన్నో కుటుంబాలు మొయినాబాద్, చేవెళ్ల వైపు బయలుదేరుతాయి. ఆ దారిలో మామిడి తోటలు, కూరగాయల చేలు, పేరుపొందిన మర్రిచెట్లు మీరు చూసే ఉంటారు. ఉసిరి చెట్టు కింద కూర్చుని తింటుంటే అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగుతుంది. కాని ఇంటికి వచ్చాక కొందరికి వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. "దిష్టి తగిలింది" అంటారు పెద్దవాళ్లు. చాలాసార్లు అసలు కారణం అన్నం గిన్నెలోనే ఉంటుంది!

గిన్నెలో గుణకారం

బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది. దాని సిద్ధబీజాలు బియ్యంతోపాటు వంటింట్లోకి వస్తాయి. అన్నం ఉడికినా ఇవి చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మేలుకొని పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. లెక్క వేయండి. ఒక్కటి గంటలో 8 అవుతుంది. రెండు గంటల్లో 64. ఉదయం 6 గంటలకు మొదలైతే మధ్యాహ్నం 12 గంటలకు 2,62,144! ఈ జీవి అన్నంలో తయారుచేసే ఒక విషపదార్థం మళ్లీ వేడిచేసినా పోదు.

5 నుంచి 60 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య వేడి సూక్ష్మజీవులకు పండుగే. మూతపెట్టిన డబ్బాలోని అన్నం గంటల తరబడి ఆ వేడిలోనే ఉంటుంది.

పులిహోర రహస్యం

మరి ప్రయాణానికి మన పెద్దలు పులిహోర, దద్దోజనమే ఎందుకు కట్టేవారు? చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంది. పులుపు ఎక్కువైన చోట చాలా సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. పులిహోర కలిపేముందు అన్నాన్ని పెద్ద పళ్లెంలో ఆరబోస్తారు కదా! దానివల్ల ఆవిరి పోయి అన్నం త్వరగా చల్లారుతుంది. వేడివేడిగా డబ్బాలో కుక్కితే ఆ లాభం ఉండదు. ఎంత పుల్లనిదైనా మధ్యాహ్నానికే తినేయాలి. కొబ్బరి పచ్చడి, పప్పు త్వరగా పాడవుతాయి. వాటిని ఇంట్లోనే ఉంచడం మేలు.

జొన్నరొట్టెలో తేమ తక్కువ కనుక అన్నంకంటే బాగా నిలుస్తుంది. పల్లీలు, బెల్లం కలిపిన పట్టీలు శక్తినీ, మాంసకృత్తులనూ ఇస్తాయి. చిప్సు పొట్లాలకంటే ఇవి ఎంతో నయం. దారిలో తాజా క్యారెట్లు, దోసకాయలు కొనుక్కోండి. శుభ్రమైన నీటితో కడిగి, తినేముందే కోయండి.

చెట్టుకిందే మందు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఉసిరికాయల్లో సుమారు 250 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంది. కమలాపండులో ఉన్నది 43 మిల్లీగ్రాములే. జొన్నల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుమును శరీరం గ్రహించడానికి ఈ విటమిన్ తోడ్పడుతుంది. జొన్నరొట్టెతోపాటు ఒక ఉసిరికాయ కొరకడం ఎంత మంచిదో చూశారా?

నీటి మాట మరవకండి. గండిపేట చెరువు 1920 నుంచి హైదరాబాదుకు మంచినీరు ఇచ్చింది. అయితే ఆ నీటిని శుద్ధి చేశాకే కుళాయిలకు వదులుతారు. కనుక చెరువు నీరు, వాగు నీరు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి. ఇంటినుంచే నీళ్లు తీసుకెళ్లండి. చాలకపోతే తెర్లేదాకా మరిగించి చల్లార్చండి. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. రాత్రికి డేరా వేసుకుని అక్కడే ఉండేట్టయితే, మధ్యాహ్నం మిగిలింది దాచకండి. పెసరపప్పు కిచిడీ అప్పటికప్పుడు వండించుకుని వేడిగా తినండి.

మీరే చేసి చూడండి

రెండు చిన్న గిన్నెలు తీసుకోండి. ఒకదానిలో ఒక చెంచా ఉత్త అన్నం, రెండోదానిలో చిక్కని చింతపండు పులుసు కలిపిన అన్నం వేసి మూత పెట్టండి. మర్నాడు రంగు, వాసన, జిగట గమనించి నోటుపుస్తకంలో రాయండి. రుచి మాత్రం చూడకండి! తర్వాత పారవేసి చేతులు కడుక్కోండి. ఏది ముందు పాడైంది? ఎందుకో మీ తమ్ముడికీ చెల్లెలికీ మీరే చెప్పండి.