కాలి పుండుకు మిషను వైద్యం: అప్పు చేసే ముందు అడగవలసిన మాటలు

ఆదోని: పొలంలో ముల్లు గుచ్చుకుని, షుగరు వల్ల మానని పుండుతోనో, ట్రాక్టరు కింద పడి చర్మం లేచిపోయిన కాలితోనో కర్నూలు ఆసుపత్రులకు వెళ్ళే పల్లెవాసులకు ఒక మాట వినిపిస్తోంది. ‘వ్యాక్ పెట్టాలి’ అంటారు డాక్టర్లు. అదేమిటో, ఎన్నాళ్ళు పెట్టాలో, డబ్బు ఎవరు కట్టాలో తెలియక రోగి వెంట వచ్చినవాళ్ళు బిల్లు కౌంటరు దగ్గర నిలబడిపోతారు. ఒకపక్క కాలు తీసేస్తారేమోనన్న భయం. ఇంకోపక్క ఇంట్లో పత్తి అమ్ముడుపోలేదు. ఆ భయంలో ముందు సంతకం పెట్టేసి, తర్వాత వడ్డీ డబ్బు కోసం తిరుగుతారు.

ఇంతకీ ఈ వైద్యం అర్థం కానిదేమీ కాదు. డాక్టరు ముందుగా పుండులోని కుళ్ళిన కండను కోసి శుభ్రం చేస్తారు. పుండు ఆకారానికి కత్తిరించిన స్పాంజిని అందులో పెట్టి, పైన పలచని ప్లాస్టిక్ పొరను చుట్టూ చర్మానికి అంటిస్తారు. పొరకు చిన్న రంధ్రం చేసి గొట్టం తగిలిస్తారు. గొట్టం రెండో కొస మిషనుకు వుంటుంది. మామూలుగా 125 మిల్లీమీటర్ల పాదరసం మేరకు అది లోపలి గాలిని లాగుతూ వుంటుంది. పుండులోని రసి గొట్టం గుండా వచ్చి డబ్బాలో పడుతుంది. వాపు తగ్గి, అంచులు దగ్గరికి వచ్చి, అడుగున ఎర్రటి కొత్త కండ పుడుతుంది. ఆ పైన అవసరమైతే తొడ చర్మం తీసి అతికిస్తారు. అమెరికాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్జెంటా, మొరిక్వాస్ 1997లో ఈ పద్ధతి గురించి ప్రకటించాక ఇది దేశదేశాలకూ పాకింది.

బావి మీద మోటారు పెట్టిన రైతుకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. పైపు ఎక్కడన్నా గాలి తీసుకుంటే నీళ్ళు ఎక్కవు. ఇక్కడా అంతే. ప్లాస్టిక్ పొర ఒక మూల లేచిందంటే మిషను కూత పెడుతుంది. వేళ్ళ సందుల్లోనూ, చెమట పట్టినచోటా ఈ పొర నిలవడం కష్టం.

బిల్లులో ఏముంటుంది?

ప్రైవేటు ఆసుపత్రిలో మిషనుకు రోజు అద్దె ఒకటి. స్పాంజి, పొర, గొట్టం కలిసిన సెట్టు ధర వేరు. రసి పడే డబ్బా వేరు. కట్టు మార్చినందుకు, మంచానికి మళ్ళీ వేరు. సాధారణంగా 48 గంటల నుంచి 72 గంటల లోపు కట్టు మార్చాలి. అంటే మూడు వారాల వైద్యానికి ఏడు నుంచి పది సెట్లు కావాలన్నమాట. రోజు అద్దె ఒక్కటే విని సరేనన్నవారికి అసలు బరువు ఈ సెట్ల దగ్గర తెలుస్తుంది. అందుకే ‘మిషను రోజుకు ఎంత’ అని కాక, ‘ఎన్ని కట్లు పడతాయి, అన్నీ కలిపి ఎంత’ అని అడగాలి. ఏ కంపెనీ సెట్టు, అంతకంటే చవకది వుందా అని అడగడం కూడా తప్పు కాదు.

బిల్లులో కనపడని ఖర్చు ఇంకొకటి వుంది. మంచం పక్కన ఒక మనిషి కూర్చోవాలి. పత్తి తీతల రోజుల్లో ఆ మనిషి కూలి పోతుంది. వారానికి రెండుసార్లు ఆదోని నుంచి కర్నూలుకు బస్సు, అక్కడ తిండి. ఇంట్లో పశువులకు మేత వేసేవాళ్ళుండరు. మూడు వారాలకు ఇది కూడా లెక్క కట్టుకోవలసిందే.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో కంపెనీ మిషను లేకపోయినా ఈ వైద్యం చేయవచ్చు. శుద్ధి చేసిన స్పాంజి, మామూలు గొట్టం, ప్లాస్టిక్ పొర పెట్టి వార్డు గోడకున్న సక్షన్ పైపుకు కలుపుతారు. సూత్రం ఒకటే. కాకపోతే రోగి మంచానికి కట్టుబడి వుండాలి. 2010లో హైతీ భూకంపం తర్వాత అక్కడి క్షతగాత్రులకు కరెంటు అక్కరలేని చేతి పంపుతో కూడా దీన్ని చేసి చూశారు. కాబట్టి మిషను మెరుపు చూసి వైద్యం గొప్పదనాన్ని కొలవనక్కరలేదు.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పూర్వపు ఆరోగ్యశ్రీ కింద చేరినవారు ఈ కట్టు ఖర్చు తమ ప్యాకేజీలో కలిసి వుందో లేదో మిషను పెట్టకముందే ఆరోగ్యమిత్రను అడగాలి. పెట్టాక అడిగితే జవాబు వేరుగా వుండవచ్చు.

ఫలితం సంగతి

షుగరు రోగుల్లో పాదంలో కొంత భాగం తీసేయగా మిగిలిన పుండ్ల మీద అమెరికాలో 162 మందితో పరిశీలన జరిపి, 2005లో ప్రకటించారు. 16 వారాల్లో మిషను పెట్టినవారిలో నూటికి 56 మందికి, మామూలు కట్టు కట్టినవారిలో 39 మందికి పుండు మానింది. మేలు వున్నమాట నిజమే. మానని 44 మంది కూడా వున్నమాట అంతే నిజం. ఇక ప్రమాదాల్లో ఎముక విరిగి బయటపడిన కాళ్ళ విషయంలో బ్రిటన్‌లో 460 మందిని పరిశీలించి 2018లో చెప్పినదాని ప్రకారం ఏడాది గడిచాక మిషను కట్టుకూ మామూలు కట్టుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి దెబ్బకు మిషను కోసం గేదెను అమ్మవలసి వస్తే డాక్టరును మరొకసారి అడిగి చూడడం మంచిది.

ఏ మిషను పెట్టినా షుగరు అదుపులో వుండాలి. కాలికి రక్తం సరిగా పారుతోందో లేదో చూడాలి. రక్తనాళం మూసుకుపోతే ముందు దాని సంగతి తేల్చాలి. నల్లబడిన చచ్చిన కండ మీద, కాన్సరు పుండు మీద, రక్తనాళం బయటికి కనిపిస్తున్నచోట ఈ స్పాంజి పెట్టరాదు. ఎముకకు చీము పట్టివుంటే దానికి వైద్యం చేయకుండా పైపైన పెట్టీ లాభం లేదు. ‘ఎముక సంగతి చూశారా’ అని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

ఇంటికి పంపితే

బ్యాటరీ మిషనుతో కొందరిని ఇంటికి పంపుతారు. పల్లెలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. మిషను రోజు మొత్తంలో రెండు గంటలకు మించి ఆగకూడదు. ఆగితే స్పాంజిని అలాగే వుంచక, తీయించి తడి గాజు గుడ్డతో కట్టు కట్టించాలి. ఆ పని చేయగల నర్సు దగ్గరలో ఎవరున్నారో ఆసుపత్రి విడిచే ముందే తేల్చుకోవాలి. ఊళ్ళో కట్టు కట్టే ఆర్.ఎం.పి.కి ఇది అలవాటు లేకపోవచ్చు.

అన్నిటికంటే భయపడవలసింది రక్తస్రావానికి. ఈ మిషన్ల మీద 2009లో, మళ్ళీ 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలు చేసింది. 12 మరణాలు తన దృష్టికి వచ్చాయని చెప్పింది. వాటిలో ఎక్కువ భాగం ఇళ్ళలో, వృద్ధుల శరణాలయాల్లో జరిగినవే. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. గొట్టంలో గాని డబ్బాలో గాని ఎర్రటి రక్తం కనపడితే వెంటనే మిషను ఆపాలి. కట్టు పీకకూడదు. దాని మీదనే గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చేయాలి.

స్పాంజి ముక్క ఒకటి పుండు లోపల వుండిపోయి చీము పట్టిన ఉదాహరణలు కూడా వున్నాయి. ఎన్ని ముక్కలు పెట్టారో కట్టు మీద రాయించి, తీసేటప్పుడు అన్నే వచ్చాయో లేదో చూసుకోవాలి. మిషను అద్దెకు తెచ్చుకున్నవారు తిరిగి ఇచ్చేటప్పుడు ఛార్జింగు తీగతో సహా ముట్టినట్టు రసీదు, డిపాజిట్టు కట్టి వుంటే ఆ డబ్బు అదే రోజు అడిగి తీసుకోవాలి.