మీకు తెలుసా? కుక్కకు జొన్నరొట్టె అరుగుతుంది

వీధిలో తిరిగే కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటున్న పల్లె ఇళ్లలో దానికి దక్కేది ఎక్కువగా మన అన్నమే. అది అరుగుతుందా అంటే, బాగానే అరుగుతుంది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసుకోవడానికి తోడ్పడే జన్యువు ప్రతులు తోడేలుకు సాధారణంగా రెండే ఉంటాయి. కుక్కల్లో చాలావాటికి అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వేల ఏళ్లు మనిషి ముంగిట్లో బతికినందుకే ఈ మార్పు వచ్చిందని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది.

కాబట్టి దానికి చిరుతిండి కొనక్కర్లేదు. జొన్నపిండిలో ఉడికించిన చిలగడదుంప మెదిపి, గుడ్డు కలిపి, చిన్న బిళ్లలు చేసి పెనం మీద సన్నసెగన గట్టిపడేదాకా కాల్చండి. ఉప్పు, బెల్లం వద్దు. రోజు తిండిలో ఇవి పదో వంతు దాటకూడదు. పిలిస్తే వచ్చినప్పుడల్లా వేలిగోరంత ముక్క ఇస్తే చాలు, కొత్త కుక్క ఇట్టే మచ్చికవుతుంది.

అసలు భయపడాల్సింది మిగిలిన కూరన్నానికి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా ఆ విషం పోదు. పండగనాటి పరమాన్నంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు. ప్రేమతో పెట్టిందే ప్రాణం తీయడం ఎంత ఘోరం! ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

తిండి జాగ్రత్తతో పాటు, కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినోత్సవం నాడు, చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తారు.