సముద్రంలో దెబ్బ, ముంబైలో దరఖాస్తు

హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర, చిక్కడపల్లిలో టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది. రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం అందులోనే. ఆల్విన్ కర్మాగారంలో కార్మికుడిగా మొదలై 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు ఆ భవనానికి బాగానే అమరింది. నారాయణగూడలో కట్టుబడి కూలీ పరంజా మీంచి జారిపడినా, అశోక్‌నగర్‌లో లిఫ్టు మెకానిక్ చెయ్యి నలిగినా పరిహారం కోసం వెళ్లాల్సింది కార్మిక శాఖ అధికారుల దగ్గరికే. యజమాని తప్పు చేశాడని రుజువు చేయనక్కర్లేదు. పని మీద ఉండగా, పని వల్లే దెబ్బ తగిలిందని చూపితే చాలు. 1923 నాటి ఈ సూత్రం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ నిలిచింది. ప్రమాదం ఏ జిల్లాలో జరిగినా, కార్మికుడు తాను నివసించే చోటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే చిక్కడపల్లి కుర్రాడు ఓడెక్కి, పరాయి దేశపు రేవులో కాలు పోగొట్టుకున్నాడనుకోండి. అప్పుడు చట్టం విడిగా చూపించే చోటు ఓడ యజమాని లేదా ఏజెంటు ఉండే ప్రాంతం. సిబ్బందిని ఓడలకు పంపే కంపెనీలు ఎక్కువగా ఉన్నది ముంబైలో. నడవలేనివాడిని అంత దూరం నడిపించడం న్యాయం కాదన్నదే నా వాదన.

హక్కుల విషయంలో చట్టం పిసినారి ఏమీ కాదు. 2015 అక్టోబరులో భారత్ ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం, గాయపడిన నావికుడి వైద్యం ఖర్చు ఓడ యజమానిదే. ఆ బాధ్యతకు గడువు పెట్టదలచిన దేశం కూడా 16 వారాలకు తగ్గించకూడదు. మరణానికీ శాశ్వత వైకల్యానికీ బీమా ఉందన్న ధ్రువపత్రం ఓడలో అందరికీ కనిపించేలా అంటించాలన్న నిబంధన 2017 జనవరి నుంచి ఉంది. కాంట్రాక్టులో రాసిన మొత్తానికి తక్కువ పుచ్చుకోమని ఒత్తిడి చేయకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఇంట్లో అప్పులవాళ్లు కూర్చున్నప్పుడు ఎంతిస్తే అంతకు సంతకం పెట్టేవాళ్లే ఎక్కువని రాసినవాళ్లకు తెలిసే ఉండాలి.

ఓడ మీద పరాయి దేశం జెండా ఉంటుంది, యజమాని ఇంకో దేశంలో ఉంటాడు, మన అధికారి ఏం చేయగలడన్నది మొదటి అభ్యంతరం. దీనికి జవాబు విశాఖ రేవులోనే దొరికింది. సరుకు రవాణా తగాదాలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడను 1984లో హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అక్కడ ఆపేశారు. ఆ అధికారం హైకోర్టుకు లేదన్న యజమాని వాదనను సుప్రీంకోర్టు 1992 ఫిబ్రవరిలో కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన అడ్మిరాల్టీ చట్టం ఇంకో అడుగు వేసి, ఓడ మీద బాకీల్లో సిబ్బంది జీతాలకు మొదటి స్థానం, ప్రాణనష్టానికీ గాయాలకూ రెండో స్థానం ఇచ్చింది. ఓడ చేతులు మారినా ఆ బాకీ దాన్ని వదలదు. గాయానికి గడువు మాత్రం ఏడాదే, జీతానికి రెండేళ్లు. ఊళ్లు తిరిగేలోపు కరిగిపోయే గడువు అది.

రికార్డులన్నీ కంపెనీ దగ్గరుంటాయి కాబట్టి విచారణ అక్కడే సులువన్నది రెండో అభ్యంతరం. లాగ్ పుస్తకం నకలూ, డాక్టరు నివేదికా కంప్యూటర్లో ఒక్క నిమిషంలో వస్తాయి. మంచం మీదున్న మనిషి అలా రాలేడు. యజమాని ఉండే చోటును అదనపు వెసులుబాటుగా మాత్రమే ఉంచి, నావికుడికీ నివాస ప్రాంతంలో దరఖాస్తు పెట్టుకునే హక్కుందని కేంద్రం కోడ్‌లో స్పష్టంగా రాయాలి. ఓడ ఉద్యోగానికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు అంతవరకూ ఆగక్కర్లేదు. ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ముందే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగితే అది చట్టవిరుద్ధం. సంతకం చేసిన కాంట్రాక్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.