విషాన్ని తోడే వరి

మీ ఇంట్లో అన్నం వండేముందు బియ్యం కడుగుతారు గదా? దుమ్ము, తవుడు, అక్కడక్కడా మిగిలిన ఊక పోవడానికి కడుగుతారు. మూడుసార్లు కడిగేసరికి నీళ్లు తేటబడతాయి. మరి పోవలసింది గింజ పైన గాక, గింజ లోపలే ఉంటే? అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. అది కంటికి కనిపించదు, వాసన రాదు, అన్నం రుచి కూడా మారదు. జపాన్ దేశంలో ఒక నది వెంట ఉన్న పల్లెల వాళ్లు అలాంటి అన్నాన్ని ఏళ్ల తరబడి తిన్నారు.

ఆ నది పేరు జింజు. కొండల్లో పుట్టి, తొయామా మైదానం మీదుగా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. దానికి ఎగువన కమియోకా అనే చోట జింకు, సీసం తవ్వి తీసే గని ఉండేది. (కమియోకా పేరు మీరు ఇంకో సందర్భంలో కూడా వినవచ్చు. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పట్టి చూసే పెద్ద ప్రయోగశాల ఆ గని లోపలే ఉంది.) మీ తరగతి గదిలో మూలకాల ఆవర్తన పట్టిక ఉంటే ఒకసారి చూడండి. జింకు కింద గడిలో కాడ్మియం, దాని కింద పాదరసం ఉంటాయి. ఒకే నిలువు వరుసలోని మూలకాలు అన్నదమ్ముల వంటివి. వాటి గుణాల్లో పోలికలుంటాయి. అందుకే జింకు దొరికే రాతిలో కొంచెం కాడ్మియం కూడా కలిసి ఉంటుంది. గనిలో జింకును వేరుచేసి, మిగిలిన మడ్డినీళ్లను వదిలేసేవారు. ఆ నీళ్లు నదిలోకి, నది నీళ్లు కాలువల్లోకి, కాలువ నీళ్లు వరిమళ్లలోకి వెళ్లేవి. నీళ్లు ఆవిరైపోతాయి. కాడ్మియం మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది.

తిన్న కాడ్మియం మన శరీరంలోంచి కూడా త్వరగా పోదు. ఏళ్ల తరబడి మూత్రపిండాల్లో పేరుకుని వాటిని పాడుచేస్తుంది. అవి పాడైతే ఎముకలకు కావలసిన ఖనిజాలు మూత్రంలో పోతాయి, ఎముకలు మెత్తబడతాయి. తొయామా పల్లెల్లో ఈ జబ్బు ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలకు వచ్చింది. కొందరికి గట్టిగా దగ్గితే చాలు, ఎముక విరిగేది. జపాను భాషలో ‘ఇతాయి’ అంటే ‘నొప్పి’. ఆ స్త్రీలు ‘నొప్పి, నొప్పి’ అని మూలిగేవారు గనుక జబ్బుకు ‘ఇతాయి ఇతాయి’ అన్న పేరే పడింది. ఆ ఊళ్ల డాక్టరు నొబొరు హగినో గని నుంచి వచ్చే కాడ్మియమే దీనికి కారణమని వాదించాడు. చాలామంది మొదట నమ్మలేదు. చివరకు 1968లో జపాన్ ప్రభుత్వం ఆ మాట ఒప్పుకుంది. రోగులు కోర్టుకు వెళ్లి, 1972లో పై కోర్టులో కూడా గెలిచారు.

కోర్టులో గెలిచినంత మాత్రాన పొలం బాగుపడదు గదా! మట్టిలోని విషం మట్టిలోనే ఉంది. తొయామాలో ఏం చేశారంటే, పొలాల మట్టినే మార్చారు. చెడిన మట్టిని లోతుకు పూడ్చడం, పైన వేరేచోటి నుంచి తెచ్చిన మంచి మట్టి పరచడం, ఇదీ పని. 863 హెక్టార్లు బాగుచేసేసరికి 2012 వచ్చింది. ఖర్చు సుమారు 4,070 కోట్ల యెన్లు. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఒక్కో హెక్టారుకు ఎంత పడిందో మీరే భాగించి చూడండి. అదీగాక, మంచి మట్టి ఎక్కడినుంచి తేవాలి? దానికోసం ఏదో ఒక కొండను తవ్వాలి. గనులున్న దేశంలో ఇలాంటి పొలాలు ఒక్క తొయామాలోనే ఉండవు.

ఇక్కడే శాస్త్రజ్ఞులకు ఒక ఆలోచన వచ్చింది. మట్టిలోని కాడ్మియాన్ని వరి ఎలాగూ పీలుస్తోంది. ఆ పీల్చే గుణాన్నే మన పనికి ఎందుకు వాడుకోకూడదు?

అసలు వరికి కాడ్మియంతో ఏం పని? ఏమీ లేదు. మొక్కకు కావలసింది మాంగనీసు, జింకు, ఇనుము వంటి లోహాలు, అవి కూడా కొద్దికొద్దిగానే. వాటిని లోపలికి తీసుకోవడానికి వేళ్ల కణాల మీద ప్రత్యేకమైన తలుపుల వంటివి ఉంటాయి. కాడ్మియం చూడడానికి ఆ లోహాల లాగే ఉంటుంది గనుక, వరిలో ముఖ్యంగా మాంగనీసు తలుపు గుండా లోపలికి దూరుతుంది. లోపలికి వచ్చిన తర్వాత కథ మారుతుంది. మామూలు జపాను వరిలో, వేళ్ల కణాల్లోనే ఒక చిన్న పంపు ఉండి, కాడ్మియాన్ని రిక్తిక అనే సంచిలోకి నెట్టి బంధిస్తుంది. అందువల్ల చాలా భాగం వేళ్లలోనే ఆగిపోతుంది. కొన్ని వరి రకాల్లో ఈ పంపును తయారుచేసే జన్యువు చెడిపోయి ఉంటుంది. వాటిలో ఖైదు చేసేవాళ్లు లేరు. కాడ్మియం నీటితోపాటు నేరుగా కాండంలోకి, ఆకుల్లోకి ఎక్కిపోతుంది. ఎర్రసిరా కలిపిన నీళ్లలో లేత మొక్కను నిలబెడితే ఈనెలు ఎర్రబడడం మీ సైన్సు టీచరు చూపించే ఉంటారు. ఇదీ అలాంటిదే, రంగు ఒక్కటే కనబడదు.

తినే వరికి ఇది పెద్ద లోపం. మట్టిని కడిగే వరికి మాత్రం ఇదే కావలసిన గుణం! వేళ్లలో దాగిన విషాన్ని పైకి తేవాలంటే వేళ్లన్నీ పెకలించాలి. ఆకుల్లోకి వస్తే కొడవలితో కోసి తీసుకుపోవచ్చు.

అలాంటి రకాల్లో ఒకటి ‘చోకోకొకు’. ఇది ఇండికా జాతి వరి. కాడ్మియం ఉన్న ఒక పొలంలో రెండేళ్లు దీన్ని పండించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆ రెండేళ్లలో హెక్టారుకు 883 గ్రాముల కాడ్మియం బయటికి వచ్చింది. మట్టిలో ఉన్న కాడ్మియంలో అది 38 శాతం. ఆ తర్వాత అదే పొలంలో మామూలు తిండివరి వేస్తే, గింజల్లో కాడ్మియం 47 శాతం తగ్గింది. దిగుబడి తగ్గలేదు.

ఇంతేనా, కిలో కూడా లేదే అంటారా? కాస్త లెక్క చేయండి. 883 గ్రాములు 38 శాతమైతే, మొత్తం ఎంత ఉండి ఉండాలి? సుమారు 2,300 గ్రాములు. అంటే రెండు కిలోల పైన కొంచెం. హెక్టారు నేలలో పైన 15 సెంటీమీటర్ల మందాన ఉండే మట్టి బరువు 15 లక్షల కిలోల దాకా ఉంటుంది. కిలో మట్టికి సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు పడుతుంది. ఒక బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు తూగుతుంది. కిలో మట్టిలో, గింజలో పదోవంతు కూడా లేని ఆ పిసరును ఏ జల్లెడ పట్టగలదు? వరివేళ్లు పట్టాయి.

దీనికి రైతు చేసే సాయం కూడా ఒకటుంది. అది మన పొలాల్లో అలవాటైన పద్ధతికి తలకిందులు. వరిమడిలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు మట్టిలోకి గాలి పోదు. అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి, నీటిలో కరగని పదార్థంగా మారుతుంది. కరగనిదాన్ని వేరు పీల్చలేదు. నీళ్లు తీసేస్తే మట్టిలోకి గాలి చేరి, ఆ బంధం విడిపోయి, కాడ్మియం మళ్లీ కరుగుతుంది. అందుకని తిండివరి వేసినప్పుడు, వరి ఈనే రోజుల్లో మడి ఆరకుండా చూస్తారు. మట్టిని కడిగే వరికైతే మొదట్లో నీళ్లు పెట్టి, తర్వాత మడిని ఆరగట్టి వదిలేస్తారు. (ఆర్సెనిక్ అనే మరో విషముంది. దాని తీరు సరిగ్గా దీనికి ఎదురు. నీళ్లు నిలిస్తే అది కరుగుతుంది. ఒకదానికి మందు మరొకదానికి మేత అన్నమాట!)

కోసిన తర్వాత ఏం చేస్తారు? ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు. ఆ గడ్డి పశువులకు వేయకూడదు, గింజ ఎవరూ తినకూడదు, పొలంలోనే కుళ్లనిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పొలంలోనే ఎండబెట్టి, మోపులు కట్టి, పొగలోని సన్నని బూడిదను పట్టి ఉంచే కొలిమిలో కాలుస్తారు. టన్నుల కొద్దీ గడ్డి బూడిదగా కుంచించుకుపోతుంది, లోహం అందులో ఉంటుంది. దాన్ని భద్రంగా దాచాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. చోకోకొకు వంటి రకాల్లో గింజ తేలిగ్గా రాలిపోతుంది. రాలిన గింజ మరుసటేడు తిండివరి మధ్య మొలిస్తే? అందుకే రాలని రకాలను పుట్టించే పని కూడా చేశారు.

ఒక్క వరే కాదు. మన పోపులపెట్టెలోని ఆవాల మొక్క సీసం, కాడ్మియం వంటివాటిని బాగా పీలుస్తుందని ప్రయోగాల్లో తేలింది. 1986లో అణుప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర, 1990 దశకంలో ఒక చెరువు మీద తెప్పలపై పొద్దుతిరుగుడు పెంచి, నీటిలోని రేడియోధార్మిక పదార్థాలను వేళ్లతో పట్టించారు. అయితే మొక్కలన్నీ చేస్తాయని గాని, అన్ని విషాలకూ పనికొస్తాయని గాని అనుకోకండి. సీసం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, సులభంగా వేరుకు లొంగదు. వేళ్లు అందని లోతుకు మొక్క చేయగలిగిందేమీ లేదు. విషం మరీ ఎక్కువగా ఉన్న నేలకు రెండేళ్లు కాదు, దశాబ్దాలు పడతాయి. ఆ రెండేళ్లయినా రైతుకు తిండిగింజ రాదు, అమ్ముకునేదీ ఉండదు. అతనికి ఆ నష్టం ఎవరు ఇస్తారన్నది శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు గాని, అది తేలకుండా ఏ రైతు ఈ వరి వేస్తాడు?

ఇందుకేనేమో కొందరు శాస్త్రజ్ఞులు ఎదురుదారి పట్టారు. ‘కోషిహికారి’ అనే పేరుపొందిన జపాను వరి విత్తనాల మీద కార్బన్ అయాన్ల పుంజాన్ని ప్రసరింపజేసి, మొలిచినవాటిలో వెతికి, మాంగనీసు తలుపు చెడిపోయిన మొక్కలను పట్టుకున్నారు. 2012లో వాటిని గురించి ప్రకటించారు. తలుపే లేదు గనుక కాడ్మియం లోపలికి రాదు, గింజలో దాదాపు ఉండదు. మాంగనీసు కూడా తక్కువే అందుతుంది, అయినా మొక్క బాగానే పెరుగుతుంది. ఈ గుణమున్న వరినే అకితా ప్రాంతంలో 2025 పంట నుంచి వేస్తున్నారు.

ఆ అన్నం నిశ్చింతగా తినవచ్చు. మట్టిలోని కాడ్మియం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. తర్వాత పంటగా అదే చేలో గోధుమో, సోయాచిక్కుడో వేస్తే, వాటి వేళ్ల తలుపులు తెరిచే ఉంటాయి.