స్టేషన్ వ్యాగన్ ఎత్తు తగ్గించుట – అందులోని భౌతికశాస్త్రం

గత సంవత్సరం డోలనాల పాఠం ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, "సార్, కారును నేలకు దగ్గరగా దింపితే రోడ్డును గట్టిగా పట్టుకుంటుందంటారు. నిజమేనా?" అని అడిగాడు. అతని చేతిలో ఒక స్టేషన్ వ్యాగన్ ఛాయాచిత్రం ఉన్నది. పొడవాటి పైకప్పు, వెనుక నిలువుగా దిగే తలుపు, మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య వేలు దూరని సందు. "కొంతవరకు నిజమే" అని చెప్పి ఊరుకున్నాను. ఆ సగం జవాబు నాకే తృప్తి కలిగించలేదు. మిగిలిన సగానికి మా కుటుంబం ఒకప్పుడు మూల్యం చెల్లించింది. కావున ఈ సంచిక ద్వారా ఆ జవాబును పూర్తి చేయదలచాను.

ఈ అభిరుచి ఎక్కడిది?

కారును నేల బారున నడిపే అలవాటు ప్రధానంగా అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మెక్సికన్ సంతతి యువకుల మధ్య రెండవ ప్రపంచయుద్ధానంతర కాలంలో వ్యాపించింది. తొలిరోజులలో వారు డిక్కీలో ఇసుక బస్తాలు వేసి బండిని దింపేవారు. స్ప్రింగులు కోయడం కూడ అప్పటి పద్ధతే. చక్రపు రిమ్ము అడుగు అంచు కన్న కారులోని ఏ భాగమూ కిందికి ఉండరాదని 1958లో ఆ రాష్ట్రంలో చట్టం అమలులోకి వచ్చింది. దానికి సమాధానంగా కొందరు విమానాల హైడ్రాలిక్ పంపులను అమర్చుకొని, ఇచ్ఛానుసారం కారును ఎత్తడం, దించడం నేర్చుకున్నారు. ఆ నిషేధం 2024 జనవరిలో తొలగిపోయింది.

పందెపు కార్లవారిది వేరొక మార్గం. 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ పోటీలలో స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ తన 850 స్టేషన్ వ్యాగన్‌ను దింపి పరుగెత్తించింది. సామాన్లు మోసే బండి పందెంలో నిలవడం చూసి ప్రేక్షకులు విస్తుపోయారు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ సెడాన్‌కు మారినప్పటికీ, "దింపిన వ్యాగన్" అనే రూపం యువకుల మనస్సులో స్థిరపడింది. అయితే ఆ పందెపు బండిలో డ్రైవరు తప్ప కుటుంబమూ లేదు, పెట్టెలూ లేవు. ఈ భేదాన్ని గుర్తుంచుకొనవలెను.

దింపడం వలన లాభమెంత?

మలుపులో కారు బరువు లోపలి చక్రాల నుండి బయటి చక్రాలకు మారుతుంది. ఈ మార్పు కారు ద్రవ్యరాశికి, పార్శ్వ త్వరణానికి, గురుత్వ కేంద్రపు ఎత్తుకు అనులోమానుపాతంలోను, ఎడమ కుడి చక్రాల మధ్య దూరానికి విలోమానుపాతంలోను ఉంటుంది. 1,500 కిలోల కారును ఉదాహరణగా తీసుకుందాం. గురుత్వ కేంద్రం 56 సెం.మీ. ఎత్తున, చక్రాల నడుమ దూరం 145 సెం.మీ., పార్శ్వ త్వరణం గురుత్వ త్వరణంలో సగం అనుకొంటే, మారే బరువు సుమారు 290 కిలోలు. కారును 4 సెం.మీ. దింపితే అది 269 కిలోలవుతుంది. అనగా లాభం నూటికి ఏడు పాళ్లు. ఇది నిజమైన లాభమే గాని, అద్భుతమేమీ కాదు.

స్టేషన్ వ్యాగన్‌తో వచ్చే చిక్కు

వ్యాగన్ జన్మించినదే బరువు మోయడానికి. ఒంటరి డ్రైవరుతో వెళ్లే వ్యాగన్‌కూ, ఏడుగురు మనుషులూ పెట్టెలూ నిండిన వ్యాగన్‌కూ వెనుక ఇరుసుపై బరువులో గొప్ప వ్యత్యాసం ఉంటుంది. ఇక్కడ హుక్ నియమం మనకు దారి చూపుతుంది.

ఒక్కొక్క వెనుక చక్రంపై ఖాళీ బండి బరువు 300 కిలోలనీ, చక్రం వద్ద స్ప్రింగు దృఢత్వం మిల్లీమీటరుకు 20 న్యూటన్లనీ అనుకొందాం. డోలన సూత్రం ప్రకారం పౌనఃపున్యం సెకనుకు 1.3. సాధారణంగా 1 నుండి 1.5 వరకు గల పౌనఃపున్యాన్ని మన శరీరం సుఖమైన ఊగుగా భావిస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క చక్రంపై మరొక 150 కిలోలు వేస్తే స్ప్రింగు అదనంగా 74 మి.మీ. కుంగుతుంది. చక్రం పైకి కదలడానికి తయారీదారు 110 మి.మీ. జాగా విడిచి ఉంటే, గుంతల కోసం ఇంకా 36 మి.మీ. మిగులుతుంది.

అదే బండిని 40 మి.మీ. దింపినామనుకోండి. జాగా 70 మి.మీ.కు తగ్గింది. స్ప్రింగు కుంగవలసినది 74 మి.మీ. అనగా గుంత రాకమునుపే బండి రబ్బరు స్టాపుపై కూర్చుంటుంది. ఇక స్ప్రింగు ఉన్నదన్న మాటే గాని, పని చేయదు. మొదటి 36 మి.మీ. జాగా మిగలవలెనంటే స్ప్రింగు దృఢత్వాన్ని 20 నుండి 43కు పెంచవలసి ఉంటుంది. అప్పుడు ఖాళీ బండి పౌనఃపున్యం 1.9కి చేరి, ప్రతి చిన్న రాయీ వెన్నెముకకు తెలిసివస్తుంది. ఒకే స్ప్రింగుతో తక్కువ ఎత్తు, ఎక్కువ బరువు, మెత్తని ప్రయాణం అనే మూడింటినీ సాధించడం సాధ్యం కాదు. రెండింటిని కోరుకొని మూడవదాన్ని విడువవలెను.

ఈ చిక్కును వ్యాగన్ తయారీదారులు ఏనాడో గ్రహించారు. ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ సంస్థ 1955లో తెచ్చిన డీఎస్ కారులో, పిదప దాని వ్యాగన్ రూపంలో, ఉక్కు స్ప్రింగుకు బదులు నత్రజని వాయువును, దానిని అదిమే ద్రవాన్ని వాడారు. బరువు పెరిగితే పంపు మరికొంత ద్రవాన్ని పంపి కారును పూర్వపు ఎత్తుకే తెస్తుంది. నేటి గాలి బెలూన్ల సస్పెన్షన్‌లోని సూత్రం దీనికి దగ్గరి బంధువే. వాయువును అదిమినకొలది దృఢత్వం పెరుగుతుంది గనుక, బరువు మారినా పౌనఃపున్యం అంతగా మారదు. వ్యాగన్‌ను దింపదలచినవారికి శాస్త్రరీత్యా సరియైన మార్గమిదే. కాని ఖరీదు ఎక్కువ, గాలి కారితే ప్రయాణం అక్కడితో ఆగుతుంది.

స్ప్రింగు కోయించినవారి కథ

సుమారు పదిహేను సంవత్సరాల క్రితం మా మేనమామ ఒక పాత స్టేషన్ వ్యాగన్ కొన్నారు. దానిని దింపించమని ఆయనను ప్రోత్సహించినవాడిని నేనే. రోడ్డు పక్కన ఒక షెడ్డులో స్ప్రింగులను గ్యాసుతో ఒకటిన్నర చుట్టు కోసి అమర్చారు. ఏడున్నర చుట్ల స్ప్రింగు ఆరు చుట్లదైంది. చుట్లు తగ్గిన నిష్పత్తిలోనే దృఢత్వం పెరుగుతుంది గనుక అది నాలుగవ వంతు గట్టిపడింది. అయితే గ్యాసు మంటకు కోసిన చోట ఉక్కు పదును పోయింది. కోసిన అంచు గిన్నెలో సరిగా కూర్చోలేదు. పాత షాక్ అబ్సార్బర్లే, మన మెకానిక్కుల భాషలో షాకప్సర్లే, అట్లే ఉండిపోయినవి. స్ప్రింగు గట్టిపడితే ఊగును అణచే శక్తి కూడ దాని వర్గమూలం మేరకు పెరగవలెనని నాకు పుస్తకంలో తెలుసు. బండిలో మాత్రం తట్టలేదు.

నెల తిరగకముందే పెళ్లికి బయలుదేరాం. ఏడుగురం, పైన పెట్టెలు. కర్నూలు దారిలో ఒక కల్వర్టు ఎక్కి దిగేటప్పుడు బండి వెనుక భాగం కూలబడి, మడ్‌గార్డు అంచు టైరును కోసింది. టైరు పగిలి బండి అడ్డం తిరిగి చేనిగట్టున ఆగింది. ప్రాణాలు దక్కినవి. అత్తయ్య భుజం ఎముక విరిగింది. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. ఈనాటికీ చలికాలంలో ఆమె ఆ భుజం పట్టుకొన్నప్పుడు నేను తల వంచుకొంటాను. షెడ్డువాని తప్పు కొంత ఉండవచ్చును. లెక్క తెలిసి వేయనివాని తప్పు అంతకంటె పెద్దది.

కంటికి కనిపించని మార్పులు

ఎత్తు తగ్గితే దానితోపాటు మరికొన్ని మారుతాయి. ముందు చక్రాలకు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ గల కారులో, మామూలు స్థితిలో కింది చేయి బయటికి కొంచెం వాలి ఉంటుంది. కారును దింపితే ఆ చేయి సమతలానికి, ఆపైన ఎదురు వాలుకు వస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రం కన్న వేగంగా కిందికి జారిపోతుంది. రెండింటి నడుమ దూరం పెరిగి, దింపిన కారే మలుపులో ఎక్కువగా ఒరగ యత్నిస్తుంది. చక్రాల వాలు, ముందు కొనల దిశ కూడ మారి టైర్ల లోపలి అంచు త్వరగా అరుగుతుంది. కావున దింపిన వెంటనే అలైన్‌మెంట్ చేయించక తప్పదు.

వెనుక గట్టి ఇరుసు గల వ్యాగన్‌లో చక్రాల వాలు మారదు. కాని ఇరుసును పక్కకు పోకుండా పట్టే అడ్డకడ్డీ ఉన్నట్లయితే, ఎత్తు మారినప్పుడు ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. కడ్డీ పొడవును తిరిగి సరిచేయవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది బ్రేకు విషయం. అనేక వ్యాగన్లలో వెనుక ఇరుసుకూ బాడీకీ మధ్య ఒక చిన్న కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. బాడీ కిందికి దిగితే "బరువు వేశారు" అని భావించి అది వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని పంపుతుంది. బండిని దింపి ఈ వాల్వును సరిచేయకపోతే, ఖాళీ బండికి కూడ అది నిండు బండి బ్రేకునే ఇస్తుంది. తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేయగానే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని బండి గిరగిర తిరుగుతుంది. ఇక వెనుక భాగమే ఎక్కువ దిగితే ముందు దీపాలు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి.

మన రోడ్లు, మన చట్టం

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపుగా ఉండవలెను. ముందు వెనుక చక్రాల మధ్య 2.65 మీటర్ల దూరం గల వ్యాగన్ దానిని దాటునపుడు, వంపు శిఖరం చక్రాలను కలిపే రేఖకు సుమారు 5 సెం.మీ. మాత్రమే పైకి వస్తుంది. ఈ లెక్కను విద్యార్థులు వృత్తజ్యా ధర్మంతో స్వయంగా సరిచూడవచ్చును. దింపిన బండి కూడ దీనిని దాటగలదు. కాని మన వీధులలో ఎవరికి తోచినట్లు వారు పోసిన ఇరుకైన కట్టలు ఈ ప్రమాణాన్ని ఎరుగవు. 15 సెం.మీ. ఎత్తుగల ఇరుకు కట్ట రెండు ఇరుసుల నడుమ పూర్తిగా నిలుస్తుంది. అడుగు భాగంలో 17 సెం.మీ. జాగా గల బండిని 4 సెం.మీ. దింపితే ఆయిల్ చాంబరుకు ముప్పు తప్పదు.

చట్టం కూడ మౌనంగా లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కనుక పని మొదలుపెట్టక ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుట వివేకం.

చివరి మాట

బద్దల స్ప్రింగును మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. కమాన్ అనగా పారశీకంలో విల్లు. ఉర్దూ చదివే మిత్రులకు ఈ మాట చిరపరిచితమే. విల్లుకు వంగే గుణమే బలం. వంగడానికి జాగా లేని విల్లు కట్టెతో సమానం. కారు కమానుకు కూడ అంతే.

ఇంతకీ ఆ విద్యార్థికి నా పూర్తి జవాబు ఇది: నాయనా, దింపిన బండి రోడ్డును కొంచెం మెరుగుగా పట్టుకొంటుంది. అయితే దింపే ముందు అందులో ఎందరు ఎక్కుతారో లెక్కించు. స్ప్రింగును కోయించకు, దానికై తయారైనదే కొను. షాకప్సర్లను, అలైన్‌మెంటును, బ్రేకు వాల్వును, దీపాలను సరిచేయించు. ఇవన్నీ చేయలేకపోతే బండిని ఉన్న ఎత్తుననే ఉండనీయి. పాఠంలో నేర్చిన సూత్రాన్ని పరీక్ష కాగితం మీద వ్రాసి మరచిపోతే మార్కులు వస్తాయి. బండి దగ్గర మరచిపోతే ఏమవుతుందో మా అత్తయ్య భుజం చెబుతుంది.