ఆత్మకూరు ఇటా.. అటా? వెలుగోడు సెంటర్‌లో బోర్డు ఎలా ఉండాలంటే..

నంద్యాల జిల్లా వెలుగోడు నుంచి ఉత్తరంగా వెళ్తే ఆత్మకూరు వస్తుంది. దక్షిణంగా నంద్యాల వైపు వెళ్తే బండి ఆత్మకూరు. రెండూ మండల కేంద్రాలే. ఊళ్లోవాళ్లకు ఇదో సమస్యే కాదు. కానీ కొత్తగా వచ్చిన డ్రైవర్ రాత్రిపూట ఆగి "ఆత్మకూరు ఎటు?" అని అడిగితే? వినేవాళ్లు ఒకటి అనుకుని ఇంకోటి చూపిస్తే.. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాల్సిన కారు కాస్తా మహానంది దారి పడుతుంది!

బోర్డు చేయాల్సింది ఆ అయోమయం తీర్చడమే. బాణం గుర్తు పక్కన ఉత్త 'ఆత్మకూరు' అని రాస్తే చాలదు. ఒకవైపు 'ఆత్మకూరు - శ్రీశైలం', రెండోవైపు 'బండి ఆత్మకూరు - నంద్యాల' అని ఉండాలి. అదీ మలుపు దాటాక కాదు, మలుపు రాకముందే కనిపించాలి. ఇంకో ముఖ్యమైన విషయం ఏంటంటే.. ఒక పేరు ఒకసారి బోర్డు మీదకు ఎక్కిందంటే, ఆ ఊరు వచ్చేదాకా ప్రతి కూడలిలో అదే పేరు, అదే స్పెల్లింగ్‌తో కనిపించాలి. మధ్యలో ఒక్క జంక్షన్‌లో మాయమైనా ముందు పెట్టిన బోర్డులన్నీ వేస్టే.

రంగులకూ లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం నేషనల్ హైవేల మీద ఆకుపచ్చ బోర్డు, తెల్ల అక్షరాలు. పర్యాటక ప్రాంతాలకు గోధుమ రంగు. కిలోమీటరు రాయి తల పసుపు ఉంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ ఉంటే స్టేట్ హైవే అని గుర్తు.

నవ నందుల రూటే అసలు పరీక్ష

2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి, బెలూం గుహలు.. అన్నీ ఈ ఒక్క జిల్లాలోనే. వీటిలో నవ నందుల యాత్రకు దారి చూపడం కాస్త కష్టమైన పనే. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది నంద్యాల టౌన్‌లోనే ఉన్నాయి. సూర్య నంది మహానంది దారిలో, శివ నంది బండి ఆత్మకూరు మండలంలో. కార్తీక మాసంలో తొమ్మిదింటినీ సూర్యాస్తమయంలోపు ఒకే రోజు దర్శించుకోవాలన్నది ఆనవాయితీ. ఒక్క మలుపు తప్పితే ఆ రోజు లెక్క మొత్తం తప్పినట్టే. అందుకే ప్రతి గుడి దగ్గరా 'తర్వాతి నంది ఎటు, ఎన్ని కిలోమీటర్లు' అన్న బోర్డు కావాలి. వీటన్నిటి మీద ఒకే నంది బొమ్మ, ఒకే రంగు వాడితే జిల్లాకు బ్రాండింగ్ కూడా అయిపోతుంది. లోగో కోసం విడిగా పోటీలు పెట్టాల్సిన పనిలేదు.

లండన్‌లో ఒకప్పుడు పాదచారుల కోసం 32 రకాల బోర్డులు ఉండేవి. చూసేవాళ్లకు తికమకే. 2007లో బాండ్ స్ట్రీట్ దగ్గర మొదలుపెట్టి వాటిని ఒకే పద్ధతిలోకి తెచ్చారు. మ్యాప్‌లో నడక దూరాన్ని నిమిషాల్లో చూపించారు.

మరి భాష సంగతి? ఉగాదికి కర్ణాటక నుంచి వేల మంది భక్తులు ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వస్తారు. మండుటెండలో దారి తప్పితే వెనక్కి నడవడం మాటలు కాదు. వాళ్లు నడిచే దారిలో తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు కన్నడ కూడా ఉండాల్సిందే. ఇక బోర్డు పెట్టాక పుట్టినరోజు ఫ్లెక్సీలు దాన్ని కప్పేయకుండా చూసే బాధ్యత ఎవరిదో కూడా ప్లాన్‌లోనే రాసుకోవాలి.